అవే ఎలుకలను రెండోసారి ప్రయోగానికి వాడవచ్చా?

నేను ఔషధ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నొప్పి నివారణ మందులపై ఎలుకలతో చేయబోయే ప్రయోగానికి అనుమతి కోరుతూ నైతిక సంఘానికి సమర్పించవలసిన పత్రం రాస్తూ ఒకచోట ఆగిపోయాను. అనుభవం ఉన్నవారు దారి చూపగలరని ఆశిస్తున్నాను.

జంతువులకు బదులు వేరే పద్ధతి వెతకడం, వాటి సంఖ్య తగ్గించడం, వాటి బాధ తగ్గించడం అంటూ 1959లో శాస్త్రవేత్తలు విలియం రసెల్, రెక్స్ బర్చ్ ప్రతిపాదించిన మూడు సూత్రాలు నాకు తెలిసినవే. మొదటిదానితో పేచీ లేదు, ఎందుకంటే పాత్రలో పెంచిన కణాలు నొప్పికి కాలు వెనక్కి తీసుకోవు. చిక్కంతా మిగిలిన రెండింటి మధ్యనే వచ్చింది. కొంత విరామమిచ్చి అవే ఎలుకలకు రెండో మందు కూడా ఇస్తే, ప్రతి ఎలుకనూ దానితోనే పోల్చి చూడవచ్చు కాబట్టి 24కు బదులు 12 సరిపోతాయి. కానీ ఆ పన్నెండూ రెండుసార్లు బాధ పడాలి. శిక్షణ రోజుల్లో ఒక ఎలుక నా చేయి కనబడగానే పంజరం మూలకు నక్కి, మీసాలు బిగించి, కళ్లు సగం మూసుకోవడం చూశాను. సంఖ్య తగ్గించామన్న మాట దానికేం ఊరట? అలాగని కొత్తవి తెప్పిస్తే, చివరకు చంపవలసిన ప్రాణాలు రెట్టింపవుతాయి. మరీ తక్కువ తీసుకుంటే ఫలితమే తేలదు, అది అన్నిటికన్నా అన్యాయమని నా అభిప్రాయం.

మీరైతే ఏ పద్ధతి ఎంచుకుంటారు? రెండో విడతకు ముందు ఎలుక నిజంగా తేరుకుందని బరువును బట్టి నిర్ణయిస్తారా, గూడు కట్టుకునే తీరును బట్టా, ముఖకవళికలను బట్టా? ఎంత బాధ దాటితే మధ్యలోనే ప్రయోగం ఆపాలో పత్రంలో ముందే ఎలా రాశారు?