శనగ చేలో జింకపిల్ల ఒక్కటే పడుకొనుంది, ఏం చేయాల?

ప్రశ్న: ఆలూరు దగ్గర మా శనగ చేలో కృష్ణజింక పిల్ల పొద్దున్నుంచీ కదలకుండా పడుకొనుంది. తల్లి కనపడలేదు. ఇంటికి తెచ్చి ఆవుపాలు పట్టొచ్చా?

జవాబు 1: వద్దన్నా, ముట్టుకోవద్దు. తల్లి పిల్లను ఇట్లా దాచే మేతకు పోతుంది, పాలివ్వడానికి మళ్లీ వస్తుంది. మనుషులుంటే మాత్రం దగ్గరికి రాదు. కుక్కల్ని కట్టేయించి, కనీసం 100 మీటర్ల దూరం నుంచి సాయంత్రం దాకా కనిపెట్టండి. అటవీ రేంజ్ ఆఫీసుకు ఇప్పుడే ఫోన్ చేసి చోటు చెప్పండి. తల్లి చచ్చిపడి ఉన్నా, పిల్లకు గాయం, పురుగులు కనపడినా, అదేపనిగా అరుస్తూ తిరుగుతున్నా అప్పుడే ఎత్తాల.

జవాబు 2: ఎత్తాల్సొస్తే కళ్ల మీద పల్చటి నూలుగుడ్డ కప్పండి, ముక్కు తెరిచుండాల. గాలి రంధ్రాలున్న పెద్ద అట్టపెట్టెలో గోనెపట్టా పరవండి. నున్నటి అడుగైతే కాళ్లు జారి విచ్చుకుంటాయి. ఒళ్లు చల్లగుంటే వేణ్ణీళ్ల సీసాకు గుడ్డ చుట్టి ఒకపక్కనే పెట్టండి, వేడెక్కితే పిల్ల రెండోపక్కకు జరగాల కదా. చీకటి, నిశ్శబ్దం ముఖ్యం. ఫోటోలు, పిల్లలు ఎత్తుకోవడాలు దయచేసి వద్దు, బెదురుకే ప్రాణం పోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: రాత్రయితే పాలైనా పట్టొద్దా?

జవాబు 2: వద్దు. ఆవుపాలతో పారుడు పట్టుకుంటుంది. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఆలస్యమైతే ఏం పట్టాలో, ఎంతో పశువుల డాక్టరును ఫోన్లో అడగండి. ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా.