స్టెనోప్సైకి ప్రజాతి: శిలాజం ఐరోపాలో, సజీవ జాతులు ఆసియాలో

ప్రశ్న (వాగుగట్టు):
1866లో కీటకశాస్త్రవేత్త మెక్‌లాక్లన్ నెలకొల్పిన స్టెనోప్సైకి అనే కాడిస్ ఫ్లై (చిమ్మటను పోలిన కీటకం) ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల సమూహానికి, నేటి జాతులు ప్రధానంగా ఆసియాలో ఉండగా, శిలాజం మాత్రం బాల్టిక్ ఆంబర్‌లో (ఐరోపాలోని బాల్టిక్ తీరంలో దొరికే, గట్టిపడి శిలాజమైన చెట్టు బంకలో) దొరికిందని చదివాను. నీటిలో పెరిగే కీటకం చెట్టు బంకలో ఎలా చిక్కింది? సుమారు 4 కోట్ల సంవత్సరాల నాటి కీటకాన్ని నేటి ప్రజాతిలోనే చేర్చడానికి ఆధారం ఏమిటి?

సమాధానం (కీటకశాస్త్ర విద్యార్థిని):
లార్వా, ప్యూపా దశలే నీటిలో గడుస్తాయి. రెక్కలు వచ్చిన కీటకం బయటికి వచ్చి ఒడ్డునున్న చెట్లమీద వాలుతుంది కాబట్టి, ఆనాటి, అంటే ఇయోసీన్ యుగపు, అడవిలో మానుల నుంచి కారిన బంకకు అంటుకుపోయింది. ఆంబర్‌లో మనకు కనిపించే కాడిస్ ఫ్లైలు దాదాపు అన్నీ రెక్కల పురుగులే కావడానికి కారణం ఇదే.

గుర్తింపు విషయానికి వస్తే, రాతిపొరల్లో తరచుగా రెక్క ముద్ర ఒక్కటే మిగులుతుంది, కానీ ఆంబర్‌లో రెక్కల ఈనెలు, కాళ్లమీది ముళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా మగ కీటకపు జననాంగాల ఆకారం చెదరకుండా నిలుస్తాయి. నేటి జాతులను వేరు చేసేదీ ఈ లక్షణాలతోనే కనుక పోలిక నేరుగా సాధ్యమవుతుంది. బాల్టిక్ ఆంబర్ కాడిస్ ఫ్లైలపై 1912లో కీటకశాస్త్రవేత్త ఉల్మర్ వెలువరించిన బృహద్గ్రంథంలోనే మీరడిగిన ఆ శిలాజ జాతి, స్టెనోప్సైకి ఇమిటాటా, వర్ణన ఉంది. సూక్ష్మదర్శినితో ఆయన చేసిన ఆ పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది.

సమాధానం (నీటిపురుగు):
సజీవ జాతుల సంగతి కూడా చెప్పుకోవాలి. చాలా కాడిస్ లార్వాల మాదిరిగా ఇవి మోసుకుతిరిగే గూడు కట్టవు. వేగంగా పారే నీటిలో రాళ్ల సందున పట్టుదారంతో వల అల్లి, కొట్టుకొచ్చే ఆహారాన్ని పట్టుకుంటాయి. జపాన్‌లో జలవిద్యుత్ కేంద్రాలకు నీరు తెచ్చే సొరంగాల గోడలకు ఇవి గుంపులుగా పట్టి ప్రవాహాన్ని తగ్గిస్తాయి. అదే దేశంలో, నగానో ప్రాంతపు తెన్‌ర్యూ నదిలో చలికాలంలో స్టెనోప్సైకి మార్మొరాటా లార్వాలను పట్టి, సోయా సాస్‌లో ఉడికించి ‘జజముషి’ పేరుతో తింటారు. మన దక్షిణాదికీ ఈ ప్రజాతితో సంబంధం ఉంది: 1980లో వర్ణించిన ఒక జాతికి కొడైకెనాల్ పేరే పెట్టారు.

ప్రశ్న (వాగుగట్టు):
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే దీన్ని ‘సజీవ శిలాజం’ (యుగాలుగా పెద్దగా మారకుండా మిగిలిన జీవి) అనవచ్చా? ఆంబర్ జాతి కూడా ఇలాగే వల అల్లేదని చెప్పవచ్చా?

సమాధానం (కీటకశాస్త్ర విద్యార్థిని):
ఆ మాట వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కొనసాగింది ప్రజాతి మాత్రమే. ఇమిటాటా అంతరించిన వేరే జాతి. వల విషయం శిలాజంలో కనిపించేది కాదు, బంధువులను బట్టి చేసే అనుమానం. కానీ నేటి స్టెనోప్సైకి లార్వాలు వల అల్లి బతికేవే కనుక అది బలమైన అనుమానమే. అందువల్ల ఆ ఆంబర్ అడవిలో పారే వాగులు ఉండేవని కూడా ఈ ఒక్క పురుగును బట్టి ఊహించవచ్చు.