సమస్యాపూరణం: నిందఁ జేయువాఁడె నిజహితుండు

నిర్వాహకుడు: జనం నెత్తిన పెట్టుకున్న ఒక గాయకుడు సభలో పాడిన మోహన రాగం పాటలో లోపం చెప్పినందుకు, నేను గౌరవించే ఒక పెద్ద విద్వాంసుణ్ని నాలుగు రోజులుగా నానా మాటలూ అంటున్నారు. ఆ బాధతోనే ఈ సమస్య ఇస్తున్నాను. ఇది ఆటవెలది నాలుగో పాదం. మిగతా మూడూ మీరు పూరించండి.

కొత్తకలం:
మోహనమునఁ జారె మధ్యమం బనుచును
వేల చప్పటలకు వెఱవఁబోక
పలికినట్టి గురుని పగవాఁ డనకుఁడయ్య
నిందఁ జేయువాఁడె నిజహితుండు

నిర్వాహకుడు: భావం సూటిగా ఉంది. మోహనం ఔడవ రాగం, అంటే అయిదు స్వరాల రాగం; స రి గ ప ధ స్వరాలే దానికి ప్రాణం. గాంధారం (గ) నుంచి పంచమానికి (ప) పోతూ మధ్యమం (మ) మీద నిలబడితే అది మోహనం కాదు. ఆ విద్వాంసుడు చెప్పిందీ అంతే. అయితే మొదటి పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన మైత్రి, తప్పింది. మో–మ: హల్లు కలిసినా అచ్చు కలవలేదు. ఓకారానికి ఉ, ఊ, ఒ, ఓలతోనే మైత్రి. సవరించండి.

రసికుడు: తప్పు ఉంటే ఉండవచ్చు. ఆ మాట గాయకుణ్ని పిలిచి చెవిలో చెప్పి ఉంటే సరిపోయేది కదా?

నిర్వాహకుడు: పాట సభలో పాడారండీ. విన్నవాళ్లలో నేర్చుకునే పిల్లలూ ఉంటారు, రేపు అదే మోహనమనుకుని సాధన చేస్తారు. చెవిలో చెప్పిన మాట వాళ్లకెలా చేరుతుంది? అవధానంలో దోషం దొర్లితే పృచ్ఛకుడు, అంటే ప్రశ్నలు వేసే పండితుడు, సభలోనే అడుగుతాడు. దాన్ని అసూయ అని ఎవరూ అనరు.

వీణాభిమాని:
ఒరసి చూడకున్న నొప్పునే పసిఁడికి
విలువ కట్ట, వట్టి వెలుఁగుఁ జూచి?
గాయకునకు నట్లె గానవిద్యను నేర్చి
నిందఁ జేయువాఁడె నిజహితుండు

నిర్వాహకుడు: ‘గానవిద్యను నేర్చి’ అన్న షరతు ఈ పద్యానికి బలం. ఆ విద్వాంసుడికి ఆ హక్కు ఇచ్చింది ఆయన సాధనే. వి–వె యతి చెల్లుతుంది. ‘వట్టి వెలుఁగుఁ జూచి’ తరువాత రావడంతో అన్వయం కొంచెం దూరమైంది.

పాతకాపు:
పాటఁ గూర్చి యన్న మాటకు బదులుగా
పెద్దవాని వయసు, పేరు తీసి
గాయకునకు మేలు గావించితి ననుచు
నిందఁ జేయువాఁడె నిజహితుండు?

నిర్వాహకుడు: పాట–మాట ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) హాయిగా పడింది. అంతకన్నా గొప్ప సంగతి, సమస్యలోని ‘ఎ’ను ప్రశ్నార్థకం చేసి అభిమానుల వైపు తిప్పడం. మధ్యమం గురించి ఒక్క ముక్కైనా మాట్లాడకుండా ఆయన వయసును ఎత్తిపొడిచినవాళ్ల వల్ల ఆ గాయకుడికి ఒరిగిందేమీ లేదు.

రసికుడు: చెవిలో చెప్పాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కచేరీ మళ్లీ విన్నాను. మధ్యమం స్పష్టంగానే వినిపించింది.

కొత్తకలం: గురువుగారూ, మొదటి పాదం ఇలా మార్చాను:
రాగ మోహనమున రాదు మధ్యమమని

నిర్వాహకుడు: రా–రా. ఇప్పుడు నిర్దోషంగా ఉంది.