మధ్యయుగపు లండన్‌లో రొట్టె: ధర కదలకుండా బరువే ఎందుకు మారేది?

గింజలగంప
1300 ప్రాంతపు లండన్‌లో గోధుమల ధర పెరిగినా రొట్టె ధర ఫార్దింగే, రొట్టే చిన్నదయ్యేదని చదివాను. ధర పెంచకుండా బరువెందుకు తగ్గించేవారు? ఎంత తగ్గించాలో ఎలా తేల్చేవారు? ఇంట్లోనే కాల్చుకుంటే పోయేది కదా?

పాతతూకం
కారణం నాణేలేనండి. పెన్నీలో పావు వంతు ఫార్దింగు, అంతకన్నా చిన్న నాణెం లేదు. దాని మీద ఏ కాస్త పెంచాలన్నా ఇంకో ఫార్దింగు వేయాలి, అంటే ధర రెట్టింపు. అందుకే 13వ శతాబ్దపు రొట్టె చట్టం ధరను కట్టేసి బరువును వదిలింది.

లెక్క ఇలా ఉంటుంది. క్వార్టరు (అప్పటి ధాన్యపు కొలత, 8 బుషెళ్ళు) గోధుమలు 12 పెన్నీలుంటే ఫార్దింగు వాస్టెల్, అంటే తెల్ల రొట్టె, 6 పౌండ్ల 16 షిల్లింగులు తూగాలి. 18 పెన్నీలైతే 4 పౌండ్ల 10 షిల్లింగుల 8 పెన్నీలు. చాలామంది ఇక్కడే తికమకపడతారు: ఇది డబ్బు కాదు, తూకం. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, ఆ పౌండు దాదాపు 350 గ్రాములు. అంటే 2.4 కిలోల రొట్టె 1.6 కిలోలకు దిగిందన్నమాట.

పేదవాడికి ఊరట ముతక రొట్టె. ట్రీట్ అనే రకం అదే ఫార్దింగుకు వాస్టెల్‌కు రెట్టింపు తూగాలని చట్టంలోనే ఉంది.

నిప్పుగూడు
వంటపొయ్యి వేరు, రొట్టెల బట్టీ వేరు. బట్టీ లోపలే కట్టెలు మండించాలి, గోడలు బాగా కాగాక నిప్పులూ బూడిదా ఊడ్చేసి, ఆ వేడి మీద రొట్టెలు పెట్టి నోరు మూయాలి. రెండు రొట్టెల కోసం అంత కట్టె దండగ. ఇరుకు ఇళ్ళలో నిప్పు భయం సరేసరి. 1212 అగ్నిప్రమాదం తర్వాత రొట్టెలవాళ్ళు రెల్లు, గడ్డి మండించకూడదని, కట్టెలే వాడాలని నగరం కట్టడి చేసింది. అందుకే పిండి ఇంట్లో కలిపి, ముద్దను బట్టీవాడి దగ్గరికి మోసుకెళ్ళేవారు.

గింజలగంప
సొంత పిండి అయితే తూకంలో మోసం ఉండదుగా?

పాతతూకం
అక్కడే పెద్ద మోసం జరిగింది. 1327లో పట్టుబడిన బట్టీవాళ్ళు పిండి పిసికే బల్లకు రంధ్రం చేసి, దానికి చిన్న తలుపు బిగించారు. పిండి తెచ్చినవాళ్ళు ఎదురుగా ఉండగానే, బల్ల కింద కూర్చున్న మనిషి ముద్దలోంచి కొంచెం కొంచెంగా లాగేసేవాడు. దొరికినవాళ్ళకు ఆ పిండినే మెడకు కట్టి, బొండకొయ్యలో (మెడా చేతులూ బిగించే కొయ్యచట్రం) నిలబెట్టారు.

తక్కువ తూకానికి శిక్షలు మెట్లుమెట్లుగా ఉండేవి. మొదటిసారి రొట్టె మెడకు వేలాడదీసి, తడిక మీద వీధుల్లో ఈడ్చేవారు, అదీ జనమూ బురదా ఎక్కువున్న వీధులు చూసి. రెండోసారి బొండకొయ్యలో ఒక గంట. మూడోసారి బట్టీ కూలగొట్టి, ఆ వృత్తే మాన్పించేవారు. రొట్టె మీద బట్టీవాడి ముద్ర తప్పనిసరి కాబట్టి ఎవరిదో తెలిసిపోయేది.

నిప్పుగూడు
ఒక సవరణ కూడా చేర్చాలి. డజనుకు 13 ఇవ్వడం ఈ శిక్షల భయంతోనే అని తరచూ రాస్తారు. కానీ లండన్‌లో మారు బేరానికి రొట్టెలు కొనే ఆడవాళ్ళకు 12 ధరకు 13 ఇచ్చేవారు. అమ్మే ధర ముందే కట్టేసి ఉంది కనుక, ఆ పదమూడోదే వాళ్ళ లాభం.