మైనింగ్ ఇంజనీర్ల సంఘంలో లైఫ్ మెంబర్‌షిప్, బెంగళూరులో ఉన్నోళ్ళు ఎవరైనా తీసుకున్నారా? పనికొస్తదా?

కొత్తగూడెం_పోరడు
అందరికీ నమస్తే. మాది కొత్తగూడెం, నాన్న ముప్పయ్యేండ్లు బొగ్గుబాయి దిగిండు, ఇప్పుడు రిటైర్. నేను మైనింగ్ బీటెక్ చేసి రెండేండ్లు ఓపెన్‌కాస్ట్‌ల (పైనుంచి తవ్వే గనిల) చేసిన, ఇప్పుడు ఇక్కడ హూడిల ఒక చిన్న కంపెనీల డ్రోన్ సర్వే, మైన్ ప్లానింగ్ పని. మా బాస్ పొద్దున లేస్తే ఒకటే పాట, మైనింగ్ ఇంజనీర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాల లైఫ్ మెంబర్‌షిప్ తీస్కో, బెంగళూరు చాప్టర్ (శాఖ) ఉన్నది, మీటింగులకు పో అని. నాన్ననడిగితే “యూనియనా? ఏ జెండా?” అన్నడు. ఇది యూనియన్ కాదు నాన్నా అని చెప్పిన గానీ మరి ఏందో నాకూ సరిగ తెల్వదు. పైసలు కట్టి సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించుకునుడేనా, ఏమన్న లాభముంటదా? కట్టినోళ్ళు చెప్పుండ్రి.

సండూరు_ఎర్రమట్టి
తమ్ముడూ, మీ నాన్నగారి ప్రశ్న మంచిదే, చాలామంది ఇంజనీర్లకే ఈ తేడా తెలీదు. మన ఫీల్డులో నాలుగు రకాల గుంపులుంటాయి. కార్మికుల యూనియన్లు, అవి మీ ఇంట్లో తెలిసినవే. గని ఓనర్లది ఫిమి, అంటే ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ మినరల్ ఇండస్ట్రీస్, 1966లో పెట్టుకున్నారు, లీజులు రాయల్టీలు పన్నుల గొడవ వాళ్ళది. గవర్నమెంటువి డీజీఎంఎస్ (గనుల భద్రతా డైరెక్టరేట్), ఐబీఎం (ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్). డీజీఎంఎస్ ధన్‌బాద్ నుంచి సేఫ్టీ చూస్తది, ఐబీఎం 1948లో పుట్టింది, నాగ్‌పూర్ నుంచి మైనింగ్ ప్లాన్లూ ఖనిజ సంరక్షణా చూస్తది. ఇవన్నీ కాకుండా ఇంజనీరు ఇంజనీరుగా వచ్చి కూర్చునే చోటు ఈ వృత్తి సంఘం. జీతం పెంచమని ధర్నా చెయ్యదు, ఉద్యోగం ఇప్పించదు, లైసెన్సూ ఇవ్వదు. పేపర్లు చదవడం, జర్నల్ వెయ్యడం, డ్రాఫ్ట్ రూల్స్ వచ్చినప్పుడు ఈ లైను గనిలో నడవదు సార్ అని రాసి పంపడం, అంతే.

మన సంఘం 1957లో మొదలైంది, హెడ్డాఫీసు మన హైదరాబాదే, ఆబిడ్స్ చిరాగ్ అలీ లేన్. గనులూ ఖనిజాల మీద ఉన్న ఎంఎండీఆర్ చట్టం కూడా 1957దే చూడు, మన కెరీర్ మొత్తం దాని చుట్టూ తిరిగేదే కదా. నేను 1998లో కట్టా. లాభమా అంటే... రాత్రికి రాస్తా, ఇప్పుడు షిఫ్ట్ రిపోర్ట్ పంపాలి.

రాళ్ళసుత్తి
నేను చెప్తా లాభం. శాలువా, బొకే, హైటీ. ఒక ఊళ్ళో (పేరొద్దులే) చాప్టర్ మీటింగుకి పోయా, ఆరున్నరకి అన్నారు ఏడున్నరకి మొదలైంది, దీపం వెలిగించడానికి నలుగురు, అగ్గిపుల్ల ఆరిపోతే ఇంకో నలుగురు, తర్వాత రిటైరైన పెద్దాయన ఒకరు రిటైరైన ఇంకో పెద్దాయన గురించి నలభై నిమిషాలు, అసలు టాపిక్ స్లోప్ స్టెబిలిటీ (గని గట్లు జారకుండా నిలబెట్టడం) మీద, దానికి పన్నెండు నిమిషాలు మిగిలాయి, ఆ కుర్రాడు స్లైడ్లు గబగబా తిప్పేసి థాంక్యూ అన్నాడు. ప్రశ్నలు? భోజనం రెడీ అన్నారు. మైసూర్‌పాక్ మాత్రం బాగుంది, అబద్ధం చెప్పను.

మంగంపేట_పిల్ల
సుత్తన్నా, మొత్తానికి తిండి దగ్గర నిజాయితీ ఉండాదిలే నీకు 😄

నేను జియాలజీ, మైనింగ్ కాదు. మా కడప జిల్లాలో ముగ్గురాయి గని చూసి పెరిగినదాన్ని, ఇప్పుడు జయనగర్‌లో కన్సల్టెన్సీ. మా జియాలజీ వాళ్ళకి ఇక్కడే బెంగళూరులోనే జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది, 1958లో పెట్టినారు, మొదటి ప్రెసిడెంటు డి.ఎన్. వాడియా, దాన్ని నిలబెట్టింది బి.పి. రాధాకృష్ణ గారు. సంఘం అంటే మీటింగులే గుర్తొస్తాయి గానీ జర్నల్ తప్పకుండా తెస్తే మనిషి పోయినా మాట ఉంటుంది. ఫీల్డుకు పోయే ముందు ఆ ఏరియా మీద పాత సంచికలు తీసి చదువుకుంటా నేను, ఎవరో అరవై ఏళ్ళ కిందట నడుచుకుంటా పోయి రాసింది ఇవాళ జీపీఎస్ పట్టుకుని పోతే ఆడే ఉంటుంది ఆ రాయి.

పోరడా, ఒక మాట. మైనింగ్ ప్లాన్ నువ్వు సంతకం పెట్టి తయారుచేయాలంటే మెంబర్‌షిప్ అక్కర్లేదు. 2016 రూల్స్ ప్రకారం మైనింగ్ డిగ్రీ గానీ జియాలజీ పీజీ గానీ ఉండాలి, సూపర్వైజరీ ఎక్స్‌పీరియన్స్ ఐదేళ్ళుండాలి. మెంబర్‌షిప్ ఉంటే లైసెన్స్ వచ్చినట్టే అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, నాకు అట్లే చెప్పినాడొకాయన.

కొత్తగూడెం_పోరడు
థాంక్స్ అక్కా. మా బాస్ గూడ గట్లనే అన్నడు, “ప్రొఫైల్‌ల బరువుంటది” అని. ఎర్రమట్టి సార్, రాత్రికి రాస్తనన్నరు, ఎదురుచూస్తున్న.

సండూరు_ఎర్రమట్టి
వచ్చా. కొంచెం పొడుగు రాస్తున్నా ఓపిక పట్టండి.

ఈ సంఘాలు ఎందుకు పుట్టాయంటే చావుల వల్ల పుట్టాయి. ఇంగ్లండ్‌లో సీహామ్ అనే బొగ్గుగనిలో పేలుడు జరిగాక అక్కడి గని మేనేజర్లంతా కూర్చుని, ఎవడి గనిలో ఏం జరిగిందో వాడు దాచుకుంటే అందరం ఇలాగే పోతాం అనుకుని 1852లో న్యూకాసిల్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, నికొలస్ వుడ్ దానికి మొదటి ప్రెసిడెంటు. గాలి ఎలా తిరగాలి, దీపం ఎలాంటిది వాడాలి, పైకప్పు మొయ్యడానికి పిల్లర్ ఎంత వదలాలి, అన్నీ అక్కడ చదివి, వాదించుకుని, అచ్చేసేవాళ్ళు. అమెరికాలో 1871లో పెన్సిల్వేనియాలో ఇరవై రెండు మంది కూడి ఇంకోటి పెట్టారు. మన దేశంలో 1906 జనవరిలో కలకత్తాలో ఎంజీఎంఐ, అప్పటి పేరు మైనింగ్ అండ్ జియలాజికల్ ఇన్‌స్టిట్యూట్, జియలాజికల్ సర్వే డైరెక్టర్ థామస్ హాలండ్ మొదటి ప్రెసిడెంటు. అదే ఏడు మార్చిలో ఫ్రాన్స్‌లో కూరియేర్ గనిలో బొగ్గుపొడి అంటుకుని 1,099 మంది పోయారు. గనుల ఇన్‌స్పెక్షన్ ఆఫీసు, ఇప్పటి డీజీఎంఎస్, కలకత్తాలో పెట్టి అప్పటికి నాలుగేళ్ళే, 1902లో, ధన్‌బాద్‌కి తర్వాత 1908లో పోయింది. గనుల చదువుకి కాలేజీ కావాలని కాంగ్రెస్ 1901లోనే తీర్మానం చేసింది, ధన్‌బాద్ స్కూల్ ఆఫ్ మైన్స్ తలుపులు తెరిచేసరికి 1926. ఆ పాతికేళ్ళలో కుర్రాళ్ళకి చదువు ఎక్కడ? పాతోడి వెనక తిరగడమే, లేకపోతే ఇలాంటి సంఘం అచ్చేసిన పేపర్లే.

నా సంగతి. 2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్ళారిలో మైనింగ్ ఆపెయ్యమంది. తెల్లారి గేటు దగ్గర లారీలు వరసగా నిలబడిపోయాయి, డ్రైవర్లు కింద స్టవ్వులు పెట్టి వండుకుంటున్నారు, నాకు ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. నాలుగు నెలలు ఖాళీ. చాప్టర్‌లో పరిచయమైన ఒక సున్నపురాయి గని మేనేజర్ తాడిపత్రి వైపు నుంచి ఫోన్ చేసి, నీ ఫస్ట్‌క్లాస్ మెటల్ (బొగ్గు కాని గనుల) మేనేజర్ సర్టిఫికెట్ అలాగే ఉందిగా, వచ్చెయ్ అన్నాడు. సంఘం ఇప్పించిన ఉద్యోగం కాదది, కానీ ఆ మనిషి నాకు పరిచయమైంది అక్కడే.

రాళ్ళసుత్తి
ఎర్రమట్టి గారూ మీరంటే గౌరవం ఉంది కాబట్టే అడుగుతున్నా, 2011కి ముందు సంగతేంటి? లీజు గట్లు జరిగిపోయాయి, పర్మిట్ ఒకటికి లారీలు పది పోయాయి, లోకాయుక్త రిపోర్టు దాకా వచ్చింది. ప్రతి గనికీ చట్టప్రకారం ఒక మేనేజర్ ఉంటాడు, ఫస్ట్‌క్లాసో సెకండ్‌క్లాసో సర్టిఫికెట్ ఉన్నోడు, మనోడే. వృత్తి సంఘాలన్నిట్లో ఒక్క పేపరైనా చదివారా ఎవరైనా, “మా మేనేజర్ మీద ఓనరు ఒత్తిడి” అని? స్లోప్ స్టెబిలిటీ చదువుతారు, వెంటిలేషన్ చదువుతారు.

సండూరు_ఎర్రమట్టి
నేను చదవలేదు. నేనూ అక్కడే ఉన్నా, గట్టు రాయి నిన్న ఉన్న చోట ఇవాళ లేదని నాకు తెలిసిన రోజులున్నాయి, సర్వేయరు నా మొహం చూశాడు నేను వాడి మొహం చూశా, టీ తాగాం. ఒక్కడినే లేస్తే ఆ సాయంత్రానికి నా కుర్చీలో ఇంకోడు కూర్చుంటాడు. అలాంటప్పుడు వెనక ఒక సంఘం నిలబడాలి, అదీ దాని పని. మా తరం ఆ పని చేయించుకోలేదు. ఇప్పుడైతే ఇనుప ఖనిజం తవ్వకానికి జిల్లాల వారీగా పరిమితి పెట్టారు, మొదట బళ్ళారికి ఏటా 25 మిలియన్ టన్నులు, చిత్రదుర్గ తుమకూరుకి కలిపి 5 అన్నారు, అక్రమం ఎంతుందో చూసి ఏ, బీ, సీ అని గనుల్ని విడగొట్టారు, అదంతా కోర్టు చేసింది, మనం కాదు.

ఉరిగాం_మనవడు
చాలారోజులుగా చదివి వెళ్ళిపోతుంటాను, ఈ థ్రెడ్ చూసి లాగిన్ అయ్యాను. నేను ఐటీ, మైనింగ్ కాదు. మా తాతది కుప్పం దగ్గర పల్లె, కేజీఎఫ్‌లో (కోలార్ బంగారు గనుల్లో) సర్వే ఆఫీసులో ట్రేసర్, అంటే మ్యాపులు గీసే పని. అక్కడ సగం అరవం, సగం తెలుగు, ఇంట్లో మేం మాట్లాడేది కూడా అదే కలగూరగంప.

తాత చెప్పేవాడు, మూడు కిలోమీటర్ల పైన లోతు, కింద రాయి చేతికి వేడిగా తగిలేదంట, ఉన్నట్టుండి తుపాకీ పేలినట్టు రాయి పగిలి మీదకొచ్చేది. మీరు రాక్‌బర్స్ట్ అంటారు, వాళ్ళంతా ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్ళు. పైన ఇళ్ళల్లో గిన్నెలు కదిలేవి, ఆడవాళ్ళు బయటికొచ్చి షాఫ్ట్ వైపు చూస్తూ నిలబడేవాళ్ళు, సైరన్ మోగుతుందా లేదా అని. కలపతో ఆపితే ఆగక గ్రానైట్ దిమ్మెలు పేర్చి గోడలు కట్టేవాళ్ళంట లోపల. ఎక్కడ పేలింది, ఏ లెవెల్, ఎంత తవ్వాక పేలింది, అవన్నీ ప్లాన్ మీద ఎక్కించేది మా తాత. ఇంజనీర్ల సొసైటీ ఒకటుండేది, వాళ్ళ బులెటిన్‌లో పేపర్ వస్తే మడత పెట్టిన మ్యాప్ ఉంటుంది చూడండి, ఆ గీతలు ఆయనవి. మూల చిన్నగా మొదటి అక్షరాలు కూడా వేసుకున్నాడు, ప్రింట్‌లో అవి కత్తిరించేశారు. పేపర్ మీద పేరు సాహెబుది. మీటింగులకి తాత వెళ్ళేవాడు, కుర్చీలు వెయ్యడానికి, మ్యాప్ గోడకి తగిలించడానికి. ఎవరైనా లెవెల్ తప్పు చెప్తే వెనక నుంచి నెమ్మదిగా దగ్గేవాడంట 🙂

గని 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. అప్పుడు క్వార్టర్స్ నుంచి అందరూ పేపర్లు కిలోల్లెక్కన అమ్మేసుకున్నారు. తాత ఒక రేకుపెట్టె నిండా ఆ బులెటిన్లు తెచ్చుకున్నాడు, ఇప్పుడు కృష్ణరాజపురంలో మా అటక మీద ఉంది. మా ఆవిడ సంక్రాంతికి క్లీన్ చేద్దాం అంటోంది. ఎవరికైనా పనికొస్తాయా ఇవి? అదడగడానికే వచ్చాను.

మంగంపేట_పిల్ల
అమ్మవద్దు!! దండం పెడతా. లోతు గనుల మీద ఆ పరిశీలనలు ఊరికే వస్తాయా. రాతి ఒత్తిడి చూసే ఎన్ఐఆర్ఎం సంస్థని 1988లో కేజీఎఫ్‌లోనే పెట్టినారు, ఎందుకనుకున్నారు మరి.

బాయికాడ_బుజ్జి
నాకో డౌట్, టాపిక్ మారుస్తున్నందుకు సారీ. నేను మైనింగ్ ఫైనల్ ఇయర్, చెన్నైలో. అమ్మాయిని. 2019 నుంచి అండర్‌గ్రౌండ్‌లోకి టెక్నికల్, సూపర్వైజరీ పోస్టుల్లో ఆడవాళ్ళని అనుమతించారు కదా, క్యాంపస్‌కి వచ్చిన ఒక కంపెనీ ఇప్పటికీ ప్లానింగ్ ఆఫీసులో కూర్చో అంటోంది. ఇలాంటివి సంఘంలో అడగొచ్చా?

మంగంపేట_పిల్ల
అడగొచ్చు, అడగాల. నేను మొదటిసారి పోయిన మీటింగులో యాభై మందిలో ఆడవాళ్ళం ఇద్దరం, ఇంకొకామె ఒకాయన భార్య. నన్నూ “మీ వారు ఏ గనిలో” అని అడిగినారు. స్టూడెంట్ మెంబర్‌గా చేరు, రేట్ తక్కువే ఉంటుంది, మీ చాప్టర్ వాళ్ళని కనుక్కో. కింద దిగిన ఎక్స్‌పీరియన్స్ లేకుంటే అండర్‌గ్రౌండ్‌కి చెల్లే సెకండ్‌క్లాస్ మేనేజర్ పరీక్షకు కట్టలేవు, ఆ పాయింటే పట్టుకుని అడుగు వాళ్ళని, ఆఫీసులో కూర్చోబెడితే నాకు సర్టిఫికెట్ ఎట్లొస్తుంది అని.

రాళ్ళసుత్తి
బుజ్జమ్మా, ఈ ప్రశ్న మీటింగులో దీపం వెలిగించకముందే అడుగు. తర్వాత టైముండదు.

కొత్తగూడెం_పోరడు
చానా తెలిసింది. నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పిన. ఎయిర్ బ్లాస్ట్ ముచ్చట విని కొద్దిసేపు మాట్లాడలే. తర్వాత అన్నడు, మా బాయిల రూఫ్ కూలేముందు సప్పుడు మారుతదిరా, కర్రతోని కొట్టి చూస్తే బోలుగ మోగుతది, గది నాకు షిఫ్టుల మా మీద ఉండే సర్దార్ నేర్పిండు, ఏ పుస్తకంల లేదు. రాసుకుంటవా అని అడిగిండు. రాసుకుంట అన్న.

మెంబర్‌షిప్ కడుత. ఫారం మీద ప్రపోజర్ సంతకం కావాల్నట, ఎర్రమట్టి సార్, మీరు పెడ్తరా?

ఉరిగాం అన్నా, మా ఆఫీసుల పెద్ద మ్యాపులు తీసే స్కానర్ ఉన్నది, శనివారం ఖాళీగ ఉంటది, బాస్‌ను అడిగిన, సరే అన్నడు. కృష్ణరాజపురం నాకు పక్కనే. పెట్టె ఎంత బరువుంటది? బైక్ మీద అయితదా, ఆటో తేవాల్నా?

ఉరిగాం_మనవడు
ఆటోనే తీసుకురా తమ్ముడూ, ఇద్దరం పట్టినా కష్టమే. అడుగు రేకు తుప్పు పట్టింది, దుప్పటి కూడా ఒకటి తెచ్చుకో.

సండూరు_ఎర్రమట్టి
సంతకం పెడతా. నేనూ శనివారం బెంగళూరులోనే ఉంటా, స్కానింగ్ దగ్గరికే వస్తాను. ఆ మ్యాపుల మూలలు కత్తిరించినవా, అసలు ట్రేసింగులు ఏమైనా పెట్టెలో ఉన్నాయా చూడు బాబూ, ఉంటే మొదటి అక్షరాలు వాటి మీద ఇంకా ఉండాలి.