బెంగళూరు టు వైజాగ్ ఫ్లైట్‌లో అసలు ఎంతసేపు?

మారతహళ్లి_మావయ్య:
ఒక డౌట్ ఫ్రెండ్స్. జనవరిలో మా మేనకోడలి పెళ్ళి, వైజాగ్‌లో, ముహూర్తం పొద్దున 11:20. లీవ్ ఒక్కరోజే దొరికింది, బుట్టలో పిల్లని తేవాల్సిన మేనమామని నేనే. అదే రోజు పొద్దున 6 గంటల ఫ్లైట్ పట్టుకుంటే సరిపోద్దా? నెట్‌లో ఒకచోట 780 కిలోమీటర్లు అంటాడు ఇంకోచోట వెయ్యి అంటాడు, టికెట్ మీద గంటా నలభై ఉంది, మా బావేమో గంటలో దిగిపోతావ్ లేరా అంటాడు. ఏది నమ్మాలి?

గాజువాక_కుర్రోడు:
రెండూ కరెక్టే అన్నా. 780 గాల్లో సూటిగా, వెయ్యి రోడ్డు మీద. తిరుపతి వైపు దిగి నాయుడుపేట దగ్గర హైవే ఎక్కి నెల్లూరు, విజయవాడ, రాజమండ్రి అని సముద్రం పక్కనే చుట్టాలి కదా. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ అయితే ఇంకో దారి, ధర్మవరం గుంతకల్లు నంద్యాల గుంటూరు తిరిగి వెళ్తది, మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు పొద్దునకి. నీకు లీవ్ లేదు కాబట్టి దాని సంగతి వదిలెయ్.

దేవనహళ్లి_డైలీ:
టికెట్ మీద టైం అంటే ఇక్కడ గేటు దగ్గర కదిలిన దగ్గర్నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా అండీ. జెట్ విమానం పైకి వెళ్ళాక గంటకి 800 పైన పోతది కానీ ఎక్కేటప్పుడు దిగేటప్పుడు ఆ స్పీడ్ ఉండదు, పైగా మన ఎయిర్‌పోర్ట్‌లో రన్‌వే దాకా నేల మీద పాకుతూ పోవడమే ఓ ప్రయాణం. గాల్లో ఉండేది గంటా పది అటూఇటూ. మీ బావగారు చెప్పింది అదే అయ్యుంటది. బుక్ చేసేటప్పుడు ఏ విమానమో కూడా చూస్కోండి, పంకాల విమానం ఏటీఆర్ అయితే 500 దగ్గరే ఆగిపోతది.

హెబ్బాళ_బాధితుడు:
అన్నా నువ్ అడగాల్సింది ఫ్లైట్ టైం కాదు. జనవరి అన్నావ్ కదా, మన ఎయిర్‌పోర్ట్ ఉన్న దేవనహళ్లిలో ఆ టైంలో తెల్లారగట్ల మంచు దిగుద్ది, ఎదురుగా మనిషి కూడా కనపడడు. పోయినేడు నేను 6 గంటల ఫ్లైట్‌కని రెండున్నరకే ఇంట్లో బయల్దేరి బ్యాగ్ ఇచ్చేసి లోపల కూర్చుంటే కదిలింది తొమ్మిదింటికి, గృహప్రవేశానికి వెళ్ళేసరికి పాలు పొంగిపోయి కాఫీలు కూడా అయిపోయాయి. ముందురోజు రాత్రికే వెళ్ళిపో. కాకపోతే సాయంత్రం మారతహళ్లి నుంచి రింగ్ రోడ్ ట్రాఫిక్ సంగతి నీకు చెప్పక్కర్లేదు, బ్యాగ్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు, నాలుగు గంటలు చేతిలో పెట్టుకో.

గాజువాక_కుర్రోడు:
ఇంకోటి, టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టో చూస్కో. పాతది నేవీ వాళ్ళది, ఊళ్ళోనే ఎన్ఏడీ జంక్షన్ దగ్గర, దిగగానే ఇల్లు. కొత్తది, భోగాపురంది అయితే ఊరికి 45 కిలోమీటర్ల పైనే, ఆ టైం కూడా కలుపుకోవాలి.

మారతహళ్లి_మావయ్య:
థ్యాంక్స్ అందరికీ. ముందురోజు రాత్రి 9 గంటల ఫ్లైట్ బుక్ చేసేసా, రెండు వేలు ఎక్కువైంది. బావకి చెప్తే "అయితే రాత్రికి పూలు దింపడానికి మనిషి దొరికాడు" అన్నాడు.