అప్‌డేట్: మొదటి ఫిఫ్త్ వీల్‌కి ఏం కొన్నామంటే

మా మొదటి ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌కి (పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) ముందుగా ఏం కొనాలని అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ థాంక్స్. దాంతో టెక్సాస్ హిల్ కంట్రీ తిరిగొచ్చాం.

ఎక్కువ డబ్బు పెట్టింది కరెంటు హెచ్చుతగ్గుల నుంచి ట్రైలర్‌ని కాపాడే 50 ఆంప్స్ సర్జ్ ప్రొటెక్టర్‌కే. అదీ వోల్టేజీ పడిపోయినా లైన్ కట్ చేసే ఈఎంఎస్ రకం. ఎండాకాలం మధ్యాహ్నం ట్రైలర్లు ఆపుకునే పార్కంతా ఏసీలు వేస్తే వోల్టేజీ దిగుతుంది, కంప్రెసర్‌కి అదే ముప్పు. పాత పార్కుల్లో 30 ఆంప్స్ ప్లగ్గే ఉంటుంది కాబట్టి అడాప్టర్ కూడా కొన్నాం. అప్పుడు రెండు ఏసీలు ఒకేసారి నడవవనుకోండి.

కుళాయికి గేజ్ ఉన్న ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టి, 45 పీఎస్‌ఐ దగ్గర ఉంచాం. తాగేనీళ్ల గొట్టం, బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు ట్యాంక్) కడిగే గొట్టం వేర్వేరు రంగులవి తీసుకున్నాం, అత్తయ్యగారి మనశ్శాంతి కోసం. చక్రాలకు చాక్స్ (దొర్లకుండా ఆపే దిమ్మెలు) పెట్టాకే హిచ్ (ట్రక్కుతో ఉన్న లంకె) విప్పుతున్నాం.

టైర్ ప్రెషర్ సెన్సర్లు ఇంకా కొనలేదు. ఇంత పొడవుకి సిగ్నల్ అందాలంటే దాన్ని అందుకుని ముందుకు పంపే రిపీటర్ ఉన్న సెట్టే చూస్తున్నాను.